మామ ఒకవైపు, అన్న మరోవైపు: విలియం వెల్స్ కుటుంబాన్ని ఎలా చదవాలి?

1818 అక్టోబర్ 6న ఒహాయోలోని సెయింట్ మేరీస్‌లో అమెరికా ప్రభుత్వానికీ మయామీ తెగకూ ఒప్పందం కుదిరింది. (ఫ్లోరిడాలోని నగరానికీ ఈ ఆదివాసీలకూ సంబంధం లేదు.) ఇండియానా నడిబొడ్డున లక్షల ఎకరాలు ప్రభుత్వం చేతికి పోయాయి. అందులోనే కొందరి పేరు మీద విడిగా భూములు రాసిచ్చారు. ఆ జాబితాలో ఆన్ టర్నర్, రెబెకా హాక్లీ, మేరీ వెల్స్, విలియం వేన్ వెల్స్ అనే నలుగురు తోబుట్టువులున్నారు. మనిషికి ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు. మయామీ రక్తం సగం ఉందన్న లెక్కన వాళ్లకు ఆ భూమి దక్కింది. మూడేళ్లు తిరిగేసరికి, 1821లో, వాళ్లలో మగపిల్లవాడు వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి పట్టా తీసుకున్నాడు. అతని పేరులోని 'వేన్' 1794లో మయామీలనూ వాళ్ల మిత్ర తెగలనూ ఓడించిన జనరల్ ఆంథొనీ వేన్‌ది.

వీళ్ల తండ్రి కెప్టెన్ విలియం వెల్స్. అమెరికాలో పూర్వీకులను వెతుక్కునేవాళ్లకు సరిహద్దు యుద్ధాల సైనికుడు ఒకడు దొరికితే పండగే. మస్టర్ రోల్స్ (సైనికుల హాజరు పట్టీలు), పింఛను ఫైళ్లు, భూమి పట్టాలు పట్టుకుని తండ్రి, కొడుకు, మనవడు అంటూ గీత గీసుకుంటూ పోతారు. వెల్స్ విషయంలో ఆ గీత మనల్ని తప్పుదోవ పట్టిస్తుందని నా వాదన. ఈ కుటుంబాన్ని కలిపి ఉంచింది ఆడవాళ్లు. చరిత్రను కూడా వాళ్ల వైపు నుంచే మొదలుపెట్టాలి.

వెల్స్ 1770 ప్రాంతంలో పెన్సిల్వేనియాలో పుట్టాడు. చిన్నప్పుడే ఆ కుటుంబం కెంటకీకి వలస వెళ్లింది. అక్కడే తండ్రి ఆదివాసీలతో జరిగిన పోరులో చనిపోయాడు. 1784లో, పదమూడు పద్నాలుగేళ్ల వయసులో, వెల్స్ మయామీలకు పట్టుబడ్డాడు. ఈల్ నది ఒడ్డున ఒక గ్రామపెద్ద అతన్ని దత్తత తీసుకుని సొంత కొడుకులా పెంచాడు. ఎర్రటి జుట్టున్న ఆ కుర్రాడికి అపెకొనిట్ అని పేరు పెట్టారు. 1791 ఆగస్టులో అమెరికన్ దళం వచ్చి ఆ ఊరిని తగలబెట్టింది, ఆడవాళ్లనూ పిల్లలనూ పట్టుకుపోయింది. అదే ఏడాది నవంబర్ 4న వబాష్ నది దగ్గర జనరల్ సెయింట్ క్లెయిర్ సైన్యం 600 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకుంది. ఆదివాసీల చేతిలో అమెరికా సైన్యం అంత ఘోరంగా ఓడింది మరెప్పుడూ లేదు. ఆ రోజు వెల్స్ మయామీల పక్షాన పోరాడాడు.

రెండేళ్లకే అతను జనరల్ వేన్ దగ్గర గూఢచారి దళానికి నాయకుడయ్యాడు. 1795లో ఓడిన తెగలతో అమెరికా చేసుకున్న గ్రీన్‌విల్ సంధి ఒప్పందం దగ్గర దుబాసీ కూడా అతనే. బల్లకు అటువైపు కూర్చున్న మయామీ నాయకుడు లిటిల్ టర్టిల్ అతనికి స్వయానా మామ. ఆయన కూతురు స్వీట్ బ్రీజ్‌ను వెల్స్ పెళ్లాడాడు, ఆ నలుగురూ ఆమె పిల్లలే. ఇతన్ని ద్రోహి అన్నవాళ్లున్నారు, దేశభక్తుడు అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరికి ద్రోహం, ఏ దేశం మీద భక్తి అని అడిగితే ఆ రెండు మాటలూ నిలబడవు. మామా అల్లుళ్లిద్దరూ కలిసి ఫిలడెల్ఫియాకు, వాషింగ్టన్‌కు వెళ్లి అధ్యక్షులను కలిశారు, తెగకు సారా అమ్మకుండా ఆపమని అడిగారు. 1812 జూలైలో ఆ పెద్దాయన కన్నుమూసింది కూడా ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో అల్లుడి ఇంట్లోనే.

మరి స్వీట్ బ్రీజ్ గురించి సైన్యం కాగితాల్లో ఏముంది? 1836 చట్టం కింద పింఛను అడిగిన అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సైనికుల వితంతువులు పెళ్లి రుజువు చూపాల్సి వచ్చేది. చాలామంది ఇంటి బైబిల్లో పెళ్లిళ్లు, పుట్టుకలు రాసుకున్న పేజీలు చించి పంపారు. అవి ఇప్పటికీ వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వంశచరిత్ర రాసేవాళ్లకు అంతకంటే విలువైన కాగితం లేదు. స్వీట్ బ్రీజ్‌కు అలాంటి పేజీ లేదు, పింఛను ఫైలూ లేదు. ఆమె ఉనికి కనిపించేది పిల్లలకు వచ్చిన ఆ 640 ఎకరాల వాటాల్లో. తల్లి మయామీ కాబట్టే ఆ భూమి వచ్చింది. సైనికుడి ఫైలుతో సరిపెట్టుకునేవాడికి ఆమె ఎప్పటికీ దొరకదు.

వెల్స్ చావు సంగతి కూడా ఆడవాళ్ల నోటి నుంచే మనదాకా వచ్చింది. 1812 ఆగస్టులో చికాగోలోని ఫోర్ట్ డియర్‌బార్న్ ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. కోట అధికారి కెప్టెన్ నేథన్ హీల్డ్ భార్య రెబెకా, వెల్స్ అన్న శామ్యూల్ కూతురు. ఆమె కోసమే వెల్స్ సుమారు 30 మంది మయామీలతో ఫోర్ట్ వేన్ నుంచి బయల్దేరాడు. ఆగస్టు 15 ఉదయం ముఖానికి నల్లరంగు పూసుకుని గుర్రమెక్కాడు. చావుకు సిద్ధపడ్డ మయామీ యోధుడు చేసే పని అది. మైలున్నర దాటకముందే పొటావటోమీ అనే మరో తెగ యోధులు చుట్టుముట్టారు. సైనికులు, ఆడవాళ్లు, పిల్లలు కలిపి 50 మందికి పైగా చనిపోయారు. వెల్స్‌ను చంపినవాళ్లు అతని ధైర్యం తమకు రావాలని గుండె తిన్నారని చెబుతారు. రెబెకా ఒంటి నిండా గాయాలతో బతికి బయటపడింది.

ఆ రోజు కథను చాలాకాలం చికాగోకు చెప్పింది మాత్రం మరో కుటుంబం. అక్కడి వర్తకుడు జాన్ కింజీ ఇంటి కోడలు అత్తగారి నోట విన్నది రాసి 1844లో అచ్చువేయించింది. అందులో కింజీలది పైచేయి, కెప్టెన్ హీల్డ్‌ది తప్పు. హీల్డ్‌ల వైపు మాట నమోదు కావడానికి 1868 దాకా ఆగాల్సి వచ్చింది. సరిహద్దు యోధుల జ్ఞాపకాలను ఊరూరా తిరిగి సేకరించిన లైమన్ డ్రేపర్‌కు రెబెకా కొడుకు తన తల్లి చెప్పినవి వినిపించాడు. డ్రేపర్ కాగితాలు ఇప్పుడు విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఉన్నాయి. ఒక ఇంటి అత్త మాట, మరో ఇంటి తల్లి మాట పక్కపక్కన పెట్టి చదివితే ఆ ఉదయం ఎవరు ఎక్కడ నిలబడ్డారో కొంత తేలుతుంది. మూడో మాట కూడా ఉంది, పొటావటోమీలది. ఆ తెగకు చెందిన సైమన్ పొకాగన్ తన పెద్దల నుంచి విన్నది రాసిన వ్యాసం 1899లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది. వెల్స్ కుటుంబ చరిత్ర రాయబూనే వాళ్లు ఆ వ్యాసాన్ని కూడా హీల్డ్, కింజీల మాటల పక్కనే పెట్టుకోవాలి.