తంపరకు లీజులు వద్దు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో చింతచెట్ల కింద నడిచినవాళ్లకు ఆ వాసన తెలుసు. కొమ్మకొమ్మకూ గూళ్లు, కింద నేలంతా తెల్లటి రెట్ట, జారిపడిన చేపముక్కలు. చలికాలానికి ముందు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. పిల్లలకు రెక్కలొచ్చాక ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. ఆ కంపును భరిస్తూనే ఊరివాళ్లు చెట్లను కాపాడుకొస్తున్నారు. పిట్టలు రాకపోతే ఊరికి అరిష్టమని నమ్మకం. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలకూ ఇదే మర్యాద.

పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇస్తూ రాష్ట్ర ప్రభుత్వ 2024-29 విధానం వచ్చాక, ఖాళీగా ఉన్న తీరమల్లా రిసార్టు సైటులాగే కనిపిస్తోంది. పర్యాటకులు రావాల్సిందే. పక్షుల విడిది అంచున, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో ప్రైవేటు కంపెనీలకు లీజులు ఇవ్వడాన్నే మేం వ్యతిరేకిస్తున్నాం.

పక్షికి గూడు చెట్టు మీద, కూడు తంపరలో, అంటే నీరు నిలిచే చిత్తడి నేలలో. చెట్టును ముట్టుకోం అని ఏ కంపెనీ అయినా రాసిస్తుంది. రోడ్డుకు, పార్కింగుకు తంపరను కప్పేస్తే ఆ కాగితం ఎందుకు?

తీరంలో సంగతి మరీ సున్నితం. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి విడతకు వంద దాకా గుడ్లు పెడుతుంది. పిల్లలు వెలుతురు కనిపించినవైపే పాకుతాయి. అది సముద్రం కావాలి. రెస్టారెంటు ఫ్లడ్‌లైటు అయితే తెల్లారేసరికి కుక్కల పాలు, కాకుల పాలు. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలూ పులీ ఒకే షెడ్యూలులో ఉన్నాయి. పులి పడుకునే చోట డీజే పెడతామంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

షరతులు పెడతాం కదా అంటారు. విశాఖ రుషికొండ మీద భవనాలు కట్టింది ప్రైవేటువాళ్లు కూడా కాదు, సాక్షాత్తూ ప్రభుత్వమే. అయినా అనుమతికి మించి తవ్వారని కేంద్ర నిపుణుల కమిటీయే తేల్చింది. ఇక లాభం కోసం వచ్చినవాడిని ఏ తహసీల్దారు ఆపుతాడు? మన జిల్లాకు ఇది కొత్త కాదు. సోంపేట బీలను, అదీ చిత్తడి నేలే, పనికిరాని నేలగా చూపి థర్మల్ ప్లాంటుకు అనుమతి తెచ్చారు. 2010లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాకే ఆ అనుమతి రద్దయింది.

గదులు టెక్కలిలో, పలాసలో కట్టుకోనివ్వండి. పిట్టలను చూడ్డానికి వాచ్‌టవర్, బైనాక్యులర్లు, దారి చూపే ఊరి కుర్రాళ్లు చాలు. టికెట్ డబ్బు పంచాయతీకే చేరాలి. తంపరలకు, తాబేళ్ల తీరానికి సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. ఆ పని ముగిసేదాకా అక్కడ ఒక్క సెంటు కూడా లీజుకు ఇవ్వబోమని ప్రభుత్వం జీవో జారీ చేయాలి.