వర్ధంతి శుభాకాంక్షలు

ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సూర్యుడి కన్నా ముందు లేచేది ‘చరిత్రలో ఈ రోజు’. పైన గులాబీల గుత్తి, కింద పొగలు కక్కే టీ కప్పు, మధ్యలో ప్రపంచ చరిత్ర. ఏటా ఏప్రిల్ 1న వచ్చే జాబితాను ఒకసారి భక్తిశ్రద్ధలతో పారాయణ చేద్దాం. మొదటి లైను: ఏప్రిల్ ఫూల్స్ డే. రెండో లైను: 1815లో జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ జననం. మూడో లైను: 1935లో రిజర్వు బ్యాంకు ప్రారంభం. ఆ తర్వాత ఒక దండం బొమ్మ, ‘శుభోదయం మిత్రులారా’. మంగళం పాడేశారు.

బిస్మార్క్ గారికి పర్లాకిమిడి పక్క ఏరు మహేంద్రతనయ ఒడ్డున ఏం పనో ఎవరికీ తెలీదు. ఆయన పాతపట్నం మీదుగా వెళ్లిన దాఖలా కూడా లేదు. 1936లో సరిగ్గా ఇదే తేదీన కటక్ రావెన్‌షా కాలేజీ హాల్లో సర్ జాన్ హబ్బాక్ గవర్నరుగా ప్రమాణం చేశారు. కటక్, పూరీ, బాలాసోర్, సంబల్‌పూర్, గంజాం, కొరాపుట్ అనే ఆరు జిల్లాలతో ఒడిశా రాష్ట్రం పుట్టింది. పర్లాకిమిడి జమీందారీని రెండుగా కోసి, పట్టణమున్న ముక్కను అటు కలిపారు, టెక్కలి, పాతపట్నం వైపు ముక్కను మద్రాసుకే వదిలేశారు. రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న మనిషి పొద్దున్నే ఇంకో రాష్ట్రంలో లేచాడు. మంచం జరపలేదు, దుప్పటి మడతపెట్టలేదు. మన ఇంటి పేర్లు, చుట్టరికాలు, పొలం దస్తావేజులు అన్నీ అటూ ఇటూ అయిన రోజు అది. జాబితాలో దానికి చోటు లేదు. ఆ చోట ‘ఫూల్స్ డే’ ఉంది. రెండూ ఒకే సంగతి అని ఎవరైనా అంటే కాదని వాదించే ఓపిక మనకు లేదు.

ఆ తేదీన సరుకు తక్కువా అంటే అదీ కాదు. 1900 ఏప్రిల్ 1న నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారి చిన్న రైలు మొదలైంది. రెండున్నర అడుగుల గేజి, 25 మైళ్ల దారి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చి అణాలు చెల్లకుండా పోయే రోజులు మొదలయ్యాయి. ప్రభుత్వం వారి లెక్కల సంవత్సరం ఆ రోజే మొదలు కాబట్టి ఏ కొత్త పనికైనా అదే ముహూర్తం. సింధు రాష్ట్రం కూడా 1936లో అదే రోజు పుట్టింది. చిట్టా పుస్తకంలో కొత్త పేజీ తిప్పారు, మనల్ని అందులో ఎక్కించారు.

ఇంతకీ ఈ జాబితా ఎలా వండుతారో తెలియనివాళ్ల కోసం తయారీ విధానం. కావలసినవి: నిరుటి ఫైలు ఒకటి, ఫోను ఒకటి, తెల్లవారుజామున నాలుగున్నరకే నిద్ర చాలిపోయే విశ్రాంత ఉద్యోగి ఒకరు. ముందు ఫైలు తెరవాలి. పైన సంవత్సరం అంకె మార్చాలి. లోపల ‘162వ జయంతి’ అని ఉన్నచోట ‘163వ జయంతి’ చెయ్యాలి. ఈ రెండో పని చాలామంది చెయ్యరు. అందుకే కొందరు మహనీయులకు మూడేళ్లుగా ఒకే వయసు నడుస్తోంది.

ఫైలును మొదట కూర్చినవాడు హైదరాబాదులో ఉంటాడు, లేదా అమెరికాలో ఉన్న కొడుకు దగ్గర ఉంటాడు. రెండో సందర్భంలో ప్రమాదం ఎక్కువ. అక్కడ నెల ముందు, తేదీ తర్వాత. వి.వి.గిరి గారు బరంపురంలో 1894 ఆగస్టు 10న పుట్టారు. మనవాడు 10/8 అని రాస్తే అక్కడ అది అక్టోబరు 8 అవుతుంది. అక్టోబరు 8 వైమానిక దళ దినోత్సవం. అంచేత జీవితమంతా కార్మిక సంఘాలు నడిపిన పెద్దమనిషి యుద్ధవిమానాల పక్కన తేలతాడు. తేదీ సరిగ్గా పడ్డ ఏడాది ఇంకో తంటా. ఆయన పుట్టినప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు ఒడిశా. ఒడియా గ్రూపుల్లో ఆయన ఒడిశా ముద్దుబిడ్డ, తెలుగు గ్రూపుల్లో ఆంధ్రుల ఆణిముత్యం. రెండు గ్రూపుల్లోనూ ఉన్న బరంపురం తెలుగువాడు రెండింటికీ బొటనవేలు బొమ్మ పెట్టి పళ్లు తోముకోడానికి పోతాడు.

ఆఖరి మెట్టు జయంతికీ వర్ధంతికీ తేడా. మొబైల్లో పూలదండ బొమ్మ రెండింటికీ ఒకటే కాబట్టి ఈ తేడాను మనవాళ్లు ఎప్పుడో రద్దు చేశారు. జనవరి 22 గిడుగు రామమూర్తి పంతులు గారి వర్ధంతి. 1940లో పోయారు. ఆ రోజు ఉదయం ‘గిడుగు వారికి వర్ధంతి శుభాకాంక్షలు’ అని వస్తుంది. దాని కింద ఒకరు కేకు, ఒకరు బెలూన్లు, ఇంకొకరు ‘నిండు నూరేళ్లు వర్ధిల్లాలి సార్’. 1863లో పుట్టిన మనిషికి నూరేళ్లు దీవిస్తే అది దీవెనో శాపమో లెక్క వేసుకునేవాడు గ్రూపులో ఒక్కడూ ఉండడు. ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయిన మహానుభావుడు బెంగాల్ ముఖ్యమంత్రిగా చేసిన డాక్టర్ బి.సి.రాయ్. 1882 జూలై 1న పుట్టి 1962 జూలై 1నే పోయారు. ఆయనకు కేకు పంపినా దండ పంపినా తప్పు పట్టడానికి లేదు.

పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా, పక్కనున్న రాయగడ జిల్లా పుట్టింది 1992 అక్టోబరు 2న. గాంధీ గారి పుట్టినరోజు, శాస్త్రి గారి పుట్టినరోజు. ఆ రద్దీలో జిల్లా పుట్టినరోజు ఎవడికి కావాలి? పోనీ సెలవైనా కలిసొచ్చిందా అంటే అదివరకే ఉన్న సెలవే.

గోడ మీద కాలెండరు సంగతి ఇంతకన్నా గొప్పగా లేదు. విజయవాడలో అచ్చయిన తెలుగు కాలెండరులో రాహుకాలం చూసుకుని బయల్దేరే పర్లాకిమిడి వాడు నిజానికి రాహువుకు ఎదురెళ్తున్నాడు. రేఖాంశం ఒక డిగ్రీ తూర్పుకు జరిగితే సూర్యోదయం నాలుగు నిమిషాలు ముందుకొస్తుంది. విజయవాడకూ పర్లాకిమిడికీ మూడున్నర డిగ్రీల తేడా, అంటే దగ్గర దగ్గర 14 నిమిషాలు. హైదరాబాదు లెక్క పట్టుకుంటే ఇరవై దాటుతుంది. రాహుకాలం కట్టేది సూర్యోదయం నుంచే కదా. పెళ్లిచూపులు చెడిపోయిన ఇళ్లవాళ్లు ఒకసారి ఈ లెక్క వేసుకోవాలి.

ఇక ఆగస్టు 29. తెలుగు భాషా దినోత్సవం, గిడుగు వారి జయంతి. సరిహద్దు జిల్లాల్లో ఇంతటి ఘనకార్యం మళ్లీ ఏడాదిదాకా ఉండదు. ఆహ్వానపత్రం ఇలా ఉంటుంది: ‘తమరెల్లరును సకుటుంబ సపరివారముగ విచ్చేసి సభను జయప్రద మొనర్ప ప్రార్థన’. పుస్తకాల్లో బతికున్నవాళ్లు మాట్లాడే తెలుగు ఉండాలని ఊపిరున్నంత కాలం కొట్లాడిన మనిషిని ఇంతకన్నా చక్కగా అవమానించడం ఎవరి తరమూ కాదు.

తర్వాత ఫ్లెక్సీ. ఎనిమిదడుగులు, ఆరడుగులు. ముందు రోజు సాయంత్రం ఏడింటికి దుకాణంలో కార్యదర్శి కళ్లజోడు సవరించుకుని స్క్రీను వైపు వంగుతారు.

“ఇది గిడుగు వారి ఫొటోయేనా బాబూ? గురజాడ వారిలా ఉన్నారు.”

“తలపాగా ఉంది, కోటుంది. పెద్దమనిసే కదేటండి.”

“తలపాగా ఇద్దరికీ ఉండేదిరా.”

“ఎవులు సూస్తారండి? దండేసీసాక మొకం అగుపడదు.”

ఈ తర్కానికి ఎదురులేదు. గిడుగు, గురజాడ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్లే కాబట్టి స్నేహితుడి బదులు స్నేహితుడు వచ్చి దండ వేయించుకున్నాడని సరిపెట్టుకోవచ్చు.

సభ పదింటికి. ముఖ్య అతిథి పన్నెండింటికి. అప్పుడు జ్యోతి ప్రజ్వలన. దీన్ని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఏటా ఇక్కడే బండి ఆగిపోతుంది. వత్తిని కనీసం అరగంట ముందు నూనెలో నానబెట్టి, కొసన కాస్త నూనె పిండేసి, చిటికెడు కర్పూరం అద్దాలి. మనవాళ్లు అతిథి కారు చప్పుడు విన్నాక నూనె పోస్తారు. పొడి కొస భగ్గుమని మండి, కిందినుంచి నూనె పైకి ఎక్కేలోపే ఆరిపోతుంది. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఫ్యాను ఆపితే అతిథికి చెమట. అతిథికి చెమట పడితే కార్యదర్శికి వణుకు. ఫ్యాను వేస్తారు, దీపం పోతుంది. ఆపుతారు, అతిథి రుమాలు తీస్తారు. మళ్లీ వేస్తారు. అగ్గిపెట్టె సగం ఖాళీ అయ్యాక ఎవరో కొవ్వొత్తి తెస్తారు. కొవ్వొత్తి వెలిగించడానికి ఇంకో నాలుగు పుల్లలు. అయిదు వత్తుల్లో మూడు అంటుకున్నాక అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల మధ్య ఫొటోగ్రాఫరు వినయంగా ముందుకొచ్చి, “సార్, ఫ్లాష్ పడలేదు, ఇంకొక్కసారి వెలిగిద్దురూ” అంటాడు. వెలుగుతున్న దీపాన్ని ఆర్పి మళ్లీ వెలిగిస్తారు. ఆర్పడం మాత్రం ఒక్క ఊపుతో అయిపోతుంది.

అప్పుడు దండ. నీళ్లు చల్లిన బంతిపూల దండ బరువుకు సన్న కర్రల చట్రం ముందుకు వాలుతుంది. ఇద్దరు పిల్లల్ని వెనక నిలబెట్టి పట్టుకోమంటారు. ఉపన్యాసాలు అయ్యేదాకా ఆ పిల్లలు అలాగే ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి అయిదో వక్త ‘భాష మన తల్లి’ అంటున్నప్పుడు వాళ్లలో ఒకడికి తుమ్ము వస్తుంది. మహనీయుడు మైకు మీద పడతాడు.

గిడుగు వారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. కొండల్లో ఉండే సవర తెగవాళ్లతో కూర్చుని వాళ్ల సవర భాష నేర్చుకుని, నిఘంటువు రాసి, వ్యాకరణం రాసి, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు. 1936లో ఊరు ఒడిశాలో కలవడం నచ్చక రాజమండ్రి వెళ్లిపోయారు. అదే, జాబితాలో ఫూల్స్ డే అని ఉన్న ఆ రోజు పుణ్యమే. సభలో ఈ ముక్క ఎవరూ చెప్పరు. తెలుగు పంతులు రిటైరయ్యాక ఖాళీగా ఉండిపోయిన కుర్చీని మాత్రం వేదిక మీదికి తెచ్చి, దాని మీద అతిథిని కూర్చోబెడతారు.

వీటన్నిటికీ నవ్వుకోవచ్చు. అక్టోబరు 12 జాబితా చూశాక నవ్వు రాదు. మొదటి లైను: ‘1492, కొలంబస్ అమెరికా చేరిన రోజు’. అదీ పాత కాలెండరు తేదీ. 1582లో పోప్ గ్రెగరీ అక్టోబరు 4 తర్వాత నేరుగా 15 వేసి పది రోజులు తీసేయించాడు. 1492 నాటికి తేడా తొమ్మిది రోజులే కాబట్టి, కొత్త లెక్కలోకి మారిస్తే కొలంబస్ దిగింది అక్టోబరు 21న. సరే, వాడు ఏ రోజు దిగితే మనకేం? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఏడాది తిరిగి అదే 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018లో ఒక్క రోజు ముందు, 11 తెల్లవారుజామున, తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో లేచిపోయాయి. కొబ్బరి మళ్లీ పెడితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు, అప్పటిదాకా ఆ ఇల్లు ఏం తినాలి? వంశధార ఊళ్లలోకి వచ్చింది. గజపతి జిల్లా బరఘరలో వానకు గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. పిల్లా జెల్లా పోయారు. మీ ఊరికి నాలుగు కొండల అవతల! మీకు గుర్తు లేదా? మీ పెంకులు ఎగిరిపోలేదా? కరెంటు లేక ఫోను చచ్చిపోయి కూర్చున్నప్పుడు కొలంబస్ గారొచ్చి ఛార్జింగు పెట్టాడా? చచ్చినవాళ్ల పేరు మీద ఒక్క లైను రాయడానికి హైదరాబాదు నుంచి ఫైలు రావాలా? కేకు బొమ్మ వెతకడానికి ఉన్న తీరిక దీనికి లేకపోయింది. సిగ్గుచేటు.

సరే. పుట్టినరోజుల దగ్గరికే వద్దాం, అక్కడ మనవాళ్లకు పట్టు ఎక్కువ.

ఈ సరిహద్దులో ఓ వయసు దాటినవాళ్లంతా జూలై 1నే పుట్టారు. కాన్పులన్నీ ఒకే రోజు జరిగాయని కాదు. బడిలో చేర్చేటప్పుడు పంతులు తేదీ అడిగితే తల్లి “పెద్ద గాలివాన ఏడండి, సంక్రాంతి ఎల్లిన పది రోజులకి” అనేది. పంతులు రిజిస్టర్లో జూలై 1 వేసేవాడు. అంకె చిన్నది, రాయడం తేలిక. ఆ ఒక్క గీత ఖరీదు యాభై ఏళ్లు దాటాక తెలుస్తుంది. నెల మొదటి తేదీన పుట్టిన కేంద్ర ఉద్యోగి అంతకు ముందు నెల ఆఖరి రోజున రిటైరవ్వాలి. జూలై 1 వాడు జూన్ 30న ఇంటికి. ఆరో వేతన సంఘం తర్వాత, 2016 దాకా, అందరికీ ఏడాది ఇంక్రిమెంటు పడిన రోజు జూలై 1. ఏడాదంతా చాకిరీ చేసి, ఇంక్రిమెంటుకు ఒక్క రాత్రి ముందు దండ వేయించుకుని బయటికి. ఏడాది పని పూర్తి చేసినవాడికి అది ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2023 ఏప్రిల్ 11 వచ్చింది. అప్పటికే పోయినవాళ్లు పోయారు.

మిగిలినవాళ్లు నవంబరులో పెన్షన్ బ్యాంకు ముందు వరసలో నిలబడి ఉంటారు, బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించుకోవాలి కాబట్టి. అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడదు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టిస్తారు.

“పుట్టిన తేదీ చెప్పండి తాతగారూ.”

“ఏది బాబూ? మా యమ్మ సెప్పిందా, పంతులేసిందా?”

“ఆధార్‌లో ఉన్నది.”

“జూలై ఒకటి.”

“వెనకున్నవారిదండీ?”

“అదే.”

“ఆ వెనక ఆవిడది?”

“మా ముగ్గురం ఒకే బడి బాబూ.”