స్ఫూర్తి వాక్యం కంటే మనం రాసుకునే నాలుగు ముక్కలు మేలు

తెల్లవారి ఫోన్ తెరవగానే పలకరించే సూక్తులకు ఈ రోజుల్లో కొదవ లేదు. వాటిలో అబద్ధమేమీ ఉండకపోవచ్చు. చిక్కల్లా, మనం ఎప్పుడో ఒప్పుకున్న సంగతినే అవి మళ్లీ అందంగా చెబుతాయి, తల ఊపడానికేమో ఆలోచనతో పని లేదు. క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమ్‌ను పాలించిన మార్కస్ ఆరీలియస్ మాటలు ఇప్పటికీ ఇలాగే చేతులు మారుతున్నాయి. నిజానికి ఆయన వాటిని లోకానికి బోధించడానికి కాదు, యుద్ధ శిబిరాల్లో గడిపిన కాలంలో సైతం తన బుద్ధిని తాను సరిదిద్దుకోవడానికి గ్రీకు భాషలో రాసుకున్నాడు. మనం ఆ మాటలను అందుకుని, ఆయన చేసిన పనిని మాత్రం వదిలేశాం.

ఆయనకు వందేళ్ల ముందువాడైన రోమన్ తత్వవేత్త సెనెకా ఈ పనిని మరింత దగ్గరగా చూపించాడు. రాత్రి దీపం తీసేశాక, ఆ అలవాటు ఎరిగిన భార్య మౌనంగా ఉండగా, ఆనాటి తన మాటలను, చేతలను ఒక్కటీ దాచకుండా తిరగేసుకునేవాడు. ఫలానా వాదనలో మరీ కటువుగా మాట్లాడానని గుర్తించి, ఇకపై అలా చేయవద్దని తనకు తాను చెప్పుకుని, ఈసారికి క్షమించేసుకునేవాడు. ఆ క్షమాపణే ఇందులో కీలకమని నేను అనుకుంటాను. శిక్ష తప్పదనుకునే మనసు నిజం చెప్పడానికి వెనుకాడుతుంది.

రాసుకోవడం ఎందుకంటే, జ్ఞాపకం మన పక్షాన సాక్ష్యం చెబుతుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు ముందు, ఏయే పరిణామాలకు ఎంత అవకాశం ఉందో కొందరిచేత పరిశోధకులు అంచనా వేయించారు. తర్వాత ఆ అంచనాలను గుర్తు చేసుకోమంటే, జరిగిన వాటికి తాము మొదట ఇచ్చినదానికంటే ఎక్కువ అవకాశం ఇచ్చామని చాలామంది చెప్పారు. 1975లో వెలువడిన ఈ పరిశోధన ఎవరి తెలివినీ తక్కువ చేయదు, కాగితం మీద లేని ఆలోచన ఎంత సులువుగా రూపు మార్చుకుంటుందో చూపుతుంది. చార్లెస్ డార్విన్ ఈ బలహీనతను ముందే పసిగట్టాడు. తన సిద్ధాంతాలకు అనుకూలమైన వాటికన్నా ప్రతికూలమైన వాస్తవాలే త్వరగా మరుపున పడతాయని అనుభవంతో తెలుసుకుని, అవి కంటబడిన వెంటనే రాసిపెట్టుకునేవాడు.

కాబట్టి రోజుకో సూక్తి చదివే సమయంలో, ఒక నిర్ణయాన్ని, దానికి గల కారణాన్ని, ఏది జరిగితే నా అభిప్రాయం మార్చుకుంటానన్న షరతును రాసిపెట్టుకోవడం మేలు. అర్థవంతమైన జీవితం గురించిన ప్రశ్న కూడా ఇక్కడే తేలుతుంది. పిల్లలే ముఖ్యమని నమ్మే మనిషి రాతల్లో నెలంతా ఆఫీసు గొడవలే కనిపిస్తే, ఏ మహనీయుడి మాటా అంత సూటిగా అడగలేని ప్రశ్నను ఆ పుటలే అడుగుతాయి.

అయితే తీవ్రమైన దిగులులో ఉన్నవారికి ఈ పద్ధతిని ఒంటరిగా అప్పగించకూడదు. ఆ స్థితిలో ఆత్మపరిశీలన ఆత్మనిందగా మారే ప్రమాదం ఎక్కువ, అప్పుడు కావలసింది నోటుబుక్కు కాదు, నమ్మకంగా వినే మనిషి, అవసరమైతే వైద్యుడు.