రెస్టారెంట్‌కి నష్టం వస్తోందని పార్కింగ్ వేరియెన్స్ ఇచ్చేస్తారా?

న్యూజెర్సీలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: రెస్టారెంట్ వాళ్లు వెనకాల ఇళ్ల జోన్‌లో (ఇళ్లకే కేటాయించిన ప్రాంతంలో) ఉన్న లాట్ కొన్నారు, అక్కడ పార్కింగ్ వేస్తామంటున్నారు. స్థలం వాళ్లదే. పార్కింగ్ లేక వ్యాపారం దెబ్బతింటోంది కాబట్టి అది హార్డ్‌షిప్ (ఇబ్బంది), ఊరి జోనింగ్ బోర్డు వేరియెన్స్ (నిబంధన నుంచి మినహాయింపు) ఇవ్వక తప్పదు. మనం పిటిషన్ మీద సంతకాలు పెడితే చాలు. రేపు రెస్టారెంట్ మూతపడితే అనుమతీ పోతుంది, ఇరుగుపొరుగుకి భయమేమీ లేదు.

మన రెస్టారెంట్లు నిలబడాలని నాకూ ఉంది. కానీ ఈ మెసేజ్‌లో ప్రతి వాదనా తప్పే. దీన్ని నమ్ముకుని బోర్డు హియరింగ్‌కి (విచారణకి) వెళితే మొదట నష్టపోయేది దరఖాస్తు పెట్టినవాళ్లే.

హార్డ్‌షిప్ సంగతి ముందు చూద్దాం. 1975 నాటి మునిసిపల్ లాండ్ యూజ్ చట్టంలో ఆ మాట యజమాని కష్టాల గురించి కాదు, భూమి గురించి. లాట్ మరీ ఇరుకుగా ఉందా, లోతు తక్కువా, ఆకారం వంకరా, నేల ఏటవాలుగా ఉందా అని చూస్తారు. గిరాకీ తగ్గింది, అద్దె పెరిగింది అని ఎంత మొరపెట్టుకున్నా అది ఆ లెక్కలోకి రాదు.

పైగా ఈ కేసులో హార్డ్‌షిప్ అసలు ప్రశ్నే కాదు. రెస్టారెంట్ తన లాట్‌లోనే నిబంధన కంటే నాలుగు కార్లకు తక్కువ చోటు చూపిస్తే అది 'సి' వేరియెన్స్, మామూలు మెజారిటీ చాలు. ఇళ్ల జోన్‌లో వ్యాపారానికి పార్కింగ్ వేయడం మాత్రం 'డి' వేరియెన్స్, అంటే భూమి వాడకాన్నే మార్చడం. దానికి ఏడుగురు సభ్యుల బోర్డులో ఐదు ఓట్లు అనుకూలంగా పడాలి. హియరింగ్‌కి ఐదుగురే వస్తే ఐదుగురూ ఒప్పుకోవాలి. "స్థలం మాదే కదా" అనే వాదన ఇక్కడ నిలవదు. న్యూజెర్సీలోనే లిటిల్ ఫెర్రీ అనే ఊళ్లో ఒక హోటల్‌కి పక్క లాట్ మీదుగా దారి వేయాలన్నా 'డి' వేరియెన్స్ కావాల్సిందేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. ఆసుపత్రి, బడి లాంటివాటికి ప్రజలకు మేలు చేసేవని ఉండే వెసులుబాటు రెస్టారెంట్‌కి లేదు. ఈ వాడకానికి ప్రత్యేకంగా ఈ స్థలమే ఎందుకు తగినదో, చుట్టుపక్కలవాళ్లకీ ఊరి జోనింగ్ ప్రణాళికకీ పెద్ద నష్టం ఎందుకు ఉండదో ప్లానర్ (భూమి వాడకం నిపుణుడు) చేత చెప్పించాలి.

సంతకాల పిటిషన్ సాక్ష్యంగా పెద్దగా పనికిరాదు, ఎందుకంటే సంతకం పెట్టినవాళ్లను అక్కడ ప్రశ్నించే వీలుండదు. 200 అడుగుల లోపు ఆస్తులున్నవాళ్లకు కనీసం పది రోజుల ముందు నోటీసు వెళ్తుంది. వాళ్లలో ఒక్కరు వచ్చి, ప్రమాణం చేసి, శనివారం రాత్రి తమ వీధిలో ఏం జరుగుతుందో చెబితే దానికి బరువుంటుంది. అనుకూలంగా మాట్లాడాలనుకునేవాళ్లూ అలాగే రావాలి.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది చివరి మాట. రెస్టారెంట్ పోతే వేరియెన్స్ పోదు. అది భూమితో పాటే ఉంటుంది, భూమి ఎవరి చేతికి వెళితే వాళ్లకి. న్యూజెర్సీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇళ్ల జోన్‌లోని ఒక స్థలాన్ని పార్కింగ్‌కి వాడుకోవడానికి దశాబ్దాల క్రితం సాక్స్ ఫిఫ్త్ ఎవెన్యూ దుకాణం కోసం వేరియెన్స్ ఇచ్చారు. ఆ దుకాణం వెళ్లిపోయి స్టాప్ అండ్ షాప్ సూపర్‌మార్కెట్ వస్తానంది. టౌన్‌షిప్ బోర్డు కాదంది. 2000లో రాష్ట్ర సుప్రీంకోర్టు సూపర్‌మార్కెట్ పక్షానే తీర్పిచ్చింది. బట్టల దుకాణానికి వచ్చే కార్లు వేరు, సూపర్‌మార్కెట్‌కి వచ్చే కార్లు వేరు అని అక్కడివాళ్లు బాధపడ్డారంటే అర్థం చేసుకోగలను.

అందుకే ఈ దరఖాస్తుని ఇప్పటి యజమాని మంచితనం చూసి తూచకూడదు. పదేళ్ల తర్వాత అక్కడ అర్ధరాత్రి దాకా నడిచే ఇంకో వ్యాపారం ఉందనుకుని చూడాలి. హెడ్‌లైట్లు ఎవరి కిటికీల మీద పడతాయి, వాననీరు ఎటు పోతుంది, చెత్త డంప్‌స్టర్ ఎక్కడ పెడతారు, డెలివరీ ట్రక్కు ఎలా తిరుగుతుంది? ట్రాఫిక్ ఇంజినీరు శుక్రవారం సాయంత్రం లెక్కపెట్టాడా, లేక మంగళవారం మధ్యాహ్నమా? కంచె, చెట్ల వరస, దీపాల ఎత్తు, గేటు మూసే వేళ అన్నీ షరతులుగా అడగండి. "మేం చూసుకుంటాం లెండి" అన్న మాటతో ఊరుకోకండి. బోర్డు తీర్మానంలో రాసి ఉంటేనే రేపు ఆ స్థలం కొన్నవాళ్లను దాని ప్రకారం నడుచుకోమని గట్టిగా అడగగలం.