గొంగళిపురుగుకు గేట్ పాస్ లేదు

హైదరాబాద్‌లో రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ పెద్ద కంపెనీ గేటు దాటినా ఈమధ్య ఒక పచ్చబోర్డు ఎదురవుతోంది. ‘సీతాకోకచిలుకల వనం: ప్రకృతికి మా స్వచ్ఛంద కానుక’. ఎవరూ అడక్కుండానే, ఏ చట్టమూ మెడ మీద కూర్చోకుండానే, ఇరవై ఎకరాల క్యాంపస్‌లో రెండు వందల గజాలు ప్రకృతికి రాసిచ్చేశారు. లెక్కేస్తే వెయ్యి గజాలకు రెండు గజాలు. బలి చక్రవర్తి మూడడుగులిచ్చి పాతాళానికి పోయాడు. పాపం, బోర్డు పెట్టించుకునే తెలివి లేకపోయింది.

వనంలో ఏమున్నాయంటే, వారం వారం కత్తెర పడి పూత మరిచిపోయిన పసుపు డురంటా కంచె. నాలుగు నూరువరహాలు. గోడ వెంబడి, హరితహారంలో నాటొద్దని ప్రభుత్వమే చెప్పిన కోనోకార్పస్. నడుమ మెక్సికన్ గడ్డి. ఆ గడ్డికి ఎండాకాలంలో రోజుకు ఐదు మిల్లీమీటర్లు తడిపినా ఎకరాకు ఇరవై వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఇక గడ్డి మధ్యలో ఇనుప తుక్కుతో చేసిన ఆరడుగుల సీతాకోకచిలుక. దాని రెక్కల మధ్య నిలబడి ఫొటో దిగొచ్చు. ఏ రోజు వెళ్లినా తప్పకుండా కనిపించేది అదొక్కటే.

అసలువి ఎందుకు రావంటే, తేనె ఎక్కడైనా తాగుతాయి గానీ గుడ్డు మాత్రం తమ పిల్ల తినే ఆకు మీదే పెడతాయి. నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మో, కరివేపాకో, మారేడో కావాలి. నారింజ రెక్కల ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు. కామన్ క్రోకు గన్నేరు. పసుపుపచ్చ ఎమిగ్రెంట్లకు తంగేడు, రేల. క్రిమ్సన్ రోజ్‌కైతే ఈశ్వరి తీగ లాంటిది లేకపోతే సంసారమే సాగదు. ఇవేవీ లేకుండా నూరువరహాలు నాటి వనం అనడమంటే, ఫంక్షన్ హాలు కట్టి దానికి కాన్పుల ఆసుపత్రి అని పేరు పెట్టడమే. ల్యాండ్‌స్కేప్ కన్సల్టెంట్ జాబితాలో జిల్లేడు కలుపు, తంగేడు రోడ్డు పక్క మొక్క. రాష్ట్ర పుష్పం కదండీ అంటే నవ్వుతారు. బతుకమ్మ వచ్చిందంటే మాత్రం అదే తంగేడును వ్యానులో తెప్పించి లాబీలో పేర్చి, డ్రోన్‌తో వీడియో తీయిస్తారు.

పొరపాటున ఒక వనంలో కరివేపాకు మొక్క పెరిగిందనుకోండి. పొరపాటున నిమ్మ సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెట్టిందనుకోండి. గొంగళిపురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎదిగి పచ్చబడ్డాకే చిక్కు. లంచ్ తర్వాత వాకింగ్‌కొచ్చిన ఉద్యోగి ఒకాయన పెన్నుతో పొడుస్తాడు. అది తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటి తీగ బయటికి తీసి కంపు కొడుతుంది. అది చేయగలిగిందల్లా అంతే. ఆయన చేయగలిగింది చాలా ఉంది. ఫెసిలిటీ యాప్ తెరిచి టికెట్, అంటే ఫిర్యాదు, వేస్తాడు: ‘వనంలో పురుగు. ఉద్యోగుల భద్రతకు ముప్పు.’ ప్రాధాన్యం రెండు. నాలుగు గంటల్లో పరిష్కరించాలి.

ఫెసిలిటీ మేనేజరు పెస్ట్ కంట్రోల్ వెండర్‌ను పిలుస్తాడు. వెండరు ‘పురుగులు మా కాంట్రాక్టులో లేవు, బొద్దింకలు, ఎలుకల వరకే’ అంటాడు. గార్డెన్ వెండరు ‘మొక్కలు మావి, పురుగులు మావి కావు’ అంటాడు. పదకొండు మంది మీటింగ్ రూములో కూర్చుని మూలకారణం వెతుకుతారు. పురుగు ఎందుకొచ్చింది? ఆకు ఉంది కాబట్టి. ఆకెందుకుంది? మొక్క ఉంది కాబట్టి. మొక్కెందుకుంది? సీతాకోకచిలుకల కోసం. సీతాకోకచిలుకలెందుకు? అవార్డు కోసం. అవార్డెందుకన్న ప్రశ్న దగ్గర టీ వచ్చింది.

తలుపు దగ్గర నిలబడ్డ తోటమాలి ఒక్కమాట అంటాడు. “గది పురుగు గాదు సార్, ఇంకో పదిహేను దినాలైతే రెక్కలొస్తయ్. ఇడిసిపెట్టుండ్రి.” ఆ గదిలో జీవశాస్త్రం తెలిసిన మనిషి ఆయనొక్కడే. మినిట్స్‌లో ఆయన మాట ఎక్కదు, ఆయనకు కుర్చీ కూడా లేదు. సాయంత్రానికి కరివేపాకు మొక్క వేళ్లతో సహా లేస్తుంది, దాని చోట క్రోటన్ కుండీ దిగుతుంది. అందరికీ మెయిల్ వస్తుంది: ‘వన్యప్రాణి ఘటన విజయవంతంగా పరిష్కరించబడింది.’

దక్కిన పురుగులకు గురువారం ఫాగింగ్ ఉండనే ఉంది. ఆ పొగకు ఎగిరే దోమలు కొన్ని చస్తాయి. వాటితోపాటు తేనెటీగలు, అక్షింతల పురుగులు, ఆకుల కింద తలదాచుకున్న సీతాకోకచిలుకలు కూడా. నీళ్లలో ఉన్న దోమ పిల్లలకు మాత్రం వెంట్రుక కూడా కదలదు. డెంగీ దోమ పుట్టేది కుండీల కింది పళ్లేల్లో, ఏసీ ట్రేల్లో. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి పళ్లెం వంచేస్తే చాలు, కొలనుంటే దోమ పిల్లలను చంపే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు చల్లితే చాలు. కానీ పళ్లెం వంచితే ఎవరికి కనపడుతుంది? పొగైతే ఆరో అంతస్తు దాకా కనపడుతుంది.

పిచ్చుక గూళ్ల సంగతీ అంతే. రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉండాలి, మరీ పెద్దదైతే గోరింక కాపురం పెడుతుంది. అడుగున నీళ్లు పోయే చిల్లులుండాలి, మూత తెరుచుకోవాలి. రంధ్రం ముందు కర్ర ఉండకూడదు, అది కాకికి కుర్చీ అవుతుంది. పడమటి ఎండ తగలకూడదు. కంపెనీ గూడుకు రంధ్రం చాయ్ కప్పంత, ముందు కర్ర, మూతకు మేకులు. వేలాడదీసిందేమో పడమటి వైపు, అద్దాల గోడ ఎదురుగా. మే నెలలో అది గూడు కాదు, పిచ్చుకల తందూరీ భట్టీ. పైగా పిచ్చుక పిల్లలు మొదటి రోజుల్లో తినేది పురుగులనే, బియ్యపు నూకలను కాదు. ఆ పురుగుల మీద మనం టికెట్లు వేశాం కదా.

అద్దాల గోడలో ఆకాశం చూసి గుద్దుకుని చచ్చే పిట్టలను పొద్దున్నే హౌస్‌కీపింగ్ వాళ్లు చీపురుతో ఊడ్చేస్తారు. అద్దం బయటి వైపు ఐదు సెంటీమీటర్లకొక చుక్క అంటిస్తే చాలావరకు బతుకుతాయి. చుక్కలు బ్రాండింగ్ నిబంధనలకు విరుద్ధమట.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. కానీ ఈ క్యాంపస్ కట్టకముందు ఆ ఇరవై ఎకరాల్లో ఏముండేది? ‘ఖాళీ స్థలం’ అని బ్రోషర్లో రాశారు. ఖాళీయా? 250 కోట్ల ఏళ్ల గ్రానైటు గుండ్లు ఒకదాని మీదొకటి నిలబడి ఉండేవి. వాటి నెరియల్లో తొండలు, ఉడుములు, కందిరీగలు. నడుమ బలుసు, పరికి, సీతాఫలం, తంగేడు, మోదుగ. గడ్డిలో కౌజుపిట్టలు. మోడువారిన తాటిచెట్టు తొర్రలో పాలపిట్ట. దసరాకు దాని దర్శనం కోసం ఊరంతా తిరిగే మనమే, ప్రమాదకరమని ఆ మోడును ముందు నరికాం. గుండ్లను పేల్చి కంకర చేశాం. రాళ్లను కాపాడమని సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి మొత్తుకుంటూనే ఉంది. ఒక్క గుండును గేటు దగ్గర ఉంచి, దాని మీద లోగో చెక్కించారు. సిగ్గుండాలి. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేత ఆపమని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు నెమళ్ల కోసం పోస్టులు పెట్టిన చేతులే, అదే రకం నేల మీద కట్టిన మేడల్లో ఏసీ రిమోట్ నొక్కుతున్నాయి.

పోనీ మిగిలిన ఆ మూల ఎకరమైనా వదిలేశారా అంటే, అక్కడ మియావాకీ అనే జపాను శాస్త్రవేత్త పేరుతో దట్టంగా నాటే చిట్టడవి. మీటరు లోతున జేసీబీతో తవ్వి, బలుసు పొదలు పీకేసి, చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు కుక్కారు. ఆ జపాను శాస్త్రవేత్త చెప్పింది ఆ చోట సహజంగా పెరిగే చెట్లనే నాటమని. రాతిపొదల నేలలో సహజంగా పెరిగేవాటిని పీకి ఆయన పేరు పెట్టడం ఏం న్యాయం? అక్కడ చేయాల్సిన పని వేరు. సర్కారు తుమ్మను వేరు మొదలుకంటా తీయడం, పైపైన కొడితే మళ్లీ చిగురిస్తుంది. గడ్డిని విత్తనం రాలేదాకా, కార్తీకం వెళ్లేదాకా కోయకపోవడం. ఎలుకల మందు ఆపడం, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది కాబట్టి. రాత్రి ఫ్లడ్‌లైట్లు ఆర్పడం. మిగతాదంతా చేతులు కట్టుకుని కూర్చోవడమే. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, అందుకే మంజూరు కాదు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి ఏటా బాధ్యతా నివేదిక ఇవ్వాలి. ఊరికే వదిలేసిన నేలను అందులో ఏమని ఫొటో తీస్తారు?

మొన్న వేసవిలో ఇలాంటి ఒకానొక క్యాంపస్ పార్కింగ్ కంకరలో తీతువుపిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. దానికి గూడు అక్కర్లేదు, కంకర చాలు. ఇరవై ఎనిమిది రోజులు పొదగాలి. రాత్రి డ్యూటీ వాచ్‌మన్ ఎవరినీ అడక్కుండా నాలుగు ఆరెంజ్ కోన్లు తెచ్చి చుట్టూ పెట్టాడు. బోర్డు పెట్టలేదు, ఫొటో దిగలేదు. మధ్యాహ్నం ఎండకు పిట్ట రెక్కలు చాపి గుడ్లకు నీడపట్టి నిలబడితే, కార్లు చుట్టూ తిరిగి పోయేవి.

తొమ్మిదో రోజు టికెట్ పడింది: ‘కోన్లు పార్కింగ్ లేఅవుట్ ప్రకారం లేవు. అత్యవసరం.’