ఎప్పుడొస్తుందో తెలియకపోతే, తెలియదనే చెప్పండి

2023 జూలై 10, సోమవారం. మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నీకు ఏఓ3 ఓపెన్ అవుతోందా?" గొంతు వణుకుతోంది. నాకూ రావట్లేదు.

తెలియనివాళ్లకి: ఏఓ3 అంటే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్. సినిమాలు, సీరియళ్లు, నవలల మీద పిచ్చి ఉన్నవాళ్లు ఆ పాత్రలతో సొంత కథలు రాసుకునే చోటు. అప్పటికే కోటికి పైగా రచనలున్నాయి. ఆర్‌ఆర్‌ఆర్ వచ్చాక రామ్, భీమ్‌ల మీద ఎక్కడెక్కడివాళ్లో రాసిన కథలు చూస్తే మతిపోతుంది. మా చెల్లీ ఆ బాపతే. దాని టెన్షన్ ఏంటంటే, ఆ సైట్‌లో పబ్లిష్ చేయని కథ నెల రోజులే ఉంటుంది, తర్వాత దానంతటదే డిలీట్ అయిపోతుంది. ఇది కొత్త కథంతా అక్కడే టైప్ చేసి పెట్టుకుంది. గడువు ఇంకో రెండు రోజులు. వేరే కాపీ లేదు. (తిట్టాను. అది వేరే సంగతి.)

జరిగింది డీడాస్ దాడి, అంటే ఉత్తుత్తి రిక్వెస్టులు గుట్టలుగా పంపి సైట్‌ని ఉక్కిరిబిక్కిరి చేయడం. సంక్రాంతి ముందురోజు బస్టాండ్‌లో, ఏ ఊరికీ వెళ్లే పని లేని పదివేల మంది టికెట్ కౌంటర్ ముందు నిలబడితే ఎలా ఉంటుందో అలాంటిది. బస్సులకేమీ కాలేదు, ఎక్కాల్సినవాళ్లకి దారి లేదు. ఆపాలంటే 30 వేల డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమన్నారు దాడి చేసినవాళ్లు.

ఆ సైట్‌ని నడిపేది జీతం లేని వాలంటీర్లు. ప్రకటనలుండవు, విరాళాలే ఆధారం. అయినా దాడి జరుగుతోందని సోషల్ మీడియాలో దాచకుండా చెప్పారు. మీ వివరాలు ఎవరి చేతికీ చిక్కలేదు, పాస్‌వర్డ్ మార్చుకోనక్కర్లేదు అన్నారు. ఎప్పటికి బాగవుతుందో ఉత్తుత్తి మాట ఇవ్వలేదు. ఆ పోస్ట్ చదివి వినిపిస్తే మా చెల్లి "సరే, అన్నం తింటా" అంది. పొద్దుట్నుంచీ తినలేదట!

కరెంటు పోయినప్పుడు లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే "ట్రాన్స్‌ఫార్మర్ పోయిందండీ, ఎప్పటికవుతుందో చెప్పలేను" అంటాడు చూడండి. చీకట్లోనే ఉంటాం, కానీ తిట్టుకోం. ఫోనెత్తకపోతేనే ఒళ్లు మండుతుంది.

వాళ్లు చేసిన ఇంకో పని నాకు అంతకన్నా నచ్చింది. అనానిమస్ సూడాన్ అనే ముఠా, మతం పేరూ రాజకీయం పేరూ చెప్పి దాడి తమదేనంది. సర్వర్లు పడిపోయి తల పట్టుకున్న ఆ గంటల్లోనే వాలంటీర్లు, ఆ ముఠా చెప్పే కారణాలు నమ్మకండి, ఈ వంకతో ముస్లింల మీద ద్వేషం కక్కకండి అని రాశారు. తర్వాత 2024 అక్టోబర్‌లో అమెరికాలో, ఆ ముఠాని నడిపారని ఇద్దరు సూడాన్ అన్నదమ్ముల మీద అభియోగాలు బయటికొచ్చాయి. "చూశారా, సూడాన్ వాళ్లేగా!" అన్నవాళ్లున్నారు. అయితే ఏంటండీ? ఇద్దరి మీద కేసు పడితే దేశం మొత్తాన్ని తిట్టొచ్చా?

ఒక రోజు దాటాక, ఇలాంటి దాడుల్ని అడ్డుకునే క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ సర్వీసుని అడ్డం పెట్టుకుని సైట్ మళ్లీ లేచింది.

ఆ సైట్ వాడే మనవాళ్ల తప్పూ ఉంది. అంత జరుగుతుంటే కింద "ఇంకా ఎంతసేపు?", "డబ్బులు తీసుకుంటారుగా" అని కామెంట్లు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని ఫ్రీగా పని చేసేవాళ్లని అలా అనడానికి నోరెలా వస్తుందో.

అసలు ఈ ఓపెన్‌నెస్ వెనక పాత దెబ్బ ఉందని నా అనుమానం. 2007 మేలో, అప్పట్లో ఫ్యాన్స్ బ్లాగుల్లా రాసుకునే లైవ్‌జర్నల్ అనే సైట్, ముందు ఒక్క మాటైనా చెప్పకుండా వందలాది జర్నళ్లని (వాళ్ల పేజీల్ని) మూసేసింది. మూసిన పేర్ల మీద గీత కొట్టేసి కనిపించేది. గొడవయ్యాక క్షమాపణ చెప్పి చాలావాటిని తిరిగి తెరిచింది, కానీ నమ్మకం పోయింది. ఏఓ3 వెనకున్న సంస్థ పుట్టింది కూడా ఆ ఏడాదే. సర్వర్లు మనవే ఉండాలన్నది అప్పట్నుంచీ వాళ్ల పట్టుదల.

నాకూ ఒక దెబ్బ ఉంది. కాలేజీ రోజుల్లో చిన్న ఫ్యాన్ సైట్‌లో రాసేదాన్ని. పేరు చెప్పను. ఒక ఆదివారం తెరిస్తే ఎర్రర్. సోమవారమూ అంతే. నెలకి ఆ పేరు ఎవరో కొనేసి రమ్మీ ప్రకటన పెట్టారు. అడ్మిన్ నుంచి ఒక్క ముక్క లేదు. డబ్బులైపోయాయేమో, ఇంట్లో ఏ కష్టమొచ్చిందో, ఏదైనా కావచ్చు. "మూసేస్తున్నా, వారంలో మీ కథలు దింపుకోండి" అని రెండు లైన్లు రాసుంటే రాత్రికి రాత్రే అన్నీ కాపీ చేసుకునేదాన్ని.

మా చెల్లి కథ దక్కింది. సైట్ రాగానే ముందు ఫోన్‌లోకి కాపీ చేసుకుంది, తర్వాతే పబ్లిష్ నొక్కింది.

ఆ పాత సైట్ అన్నయ్యా, ఈ పోస్ట్ మీ కంట పడితే, కోపమేం లేదు. అక్కడ నావి 14 కథలుండేవి. మీ పాత హార్డ్‌డిస్క్ ఏదైనా అటక మీద ఉంటే ఒక్కసారి చూడరూ?