ఓడ కనపడాలంటే ముందు బల్బు ఆపండి

ముత్తుకూరులో మేడెక్కి కృష్ణపట్నం ఓడల ఏఐఎస్ సిగ్నల్ (ఓడ తన పేరు, చోటు చెప్పుకునే రేడియో సందేశం) పట్టడం బ్రహ్మవిద్యేం కాదు. చిన్న చిన్న చిక్కులే పట్టనివ్వవు, అంతే!

డాంగిల్ (ల్యాప్‌టాప్‌కి గుచ్చే చిన్న రేడియో రిసీవర్) ఫ్రీక్వెన్సీ సరిచూడాలంటే 162.4 మెగాహెర్ట్జ్ వాతావరణ రేడియో వినమంటాయి అమెరికా వీడియోలు. అది ఇక్కడెక్కడుంది నాయనా? డాంగిల్‌ని 20 నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆ తర్వాత పీపీఎం (ఫ్రీక్వెన్సీ పది లక్షల్లో ఎన్ని వంతులు తప్పిందో ఆ లెక్క) కొలుచుకోండి. 1 పీపీఎం అంటే ఇక్కడ 162 హెర్ట్జ్. చవక డాంగిల్ 50 పీపీఎం తప్పితే 8 కిలోహెర్ట్జ్ పక్కకి పోయినట్టే, ఛానలు వెడల్పే 25 కిలోహెర్ట్జ్. ఇక ఏం డీకోడ్ అవుద్ది?

162.000 మెగాహెర్ట్జ్ మధ్యలో పెడితే ఏఐఎస్ ఛానళ్లు 161.975, 162.025 రెండూ వస్తాయి. ఆటో గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో డాంగిలే తేల్చుకోవడం) మాత్రం వద్దు. ఒక్కో మెసేజి 26 మిల్లీసెకన్ల తునక, ఆటో గెయిన్ సర్దుకునేలోపు ఓడ మాట అయిపోద్ది. గెయిన్ చేత్తో పెంచుతూ, నాయిస్ కూడా సమానంగా లేవడం మొదలయ్యాక ఒక మెట్టు దించండి.

ఇంత చేసినా వాటర్‌ఫాల్ (తెర మీద సిగ్నళ్లు రంగుల్లో జారే బొమ్మ) నిండా నాయిస్ పసుపు చారలా? మెయిన్ కట్టేసి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద చూడండి. చారలు పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు: వరండాలో చవక ఎల్‌ఈడీ బల్బు.

యాంటెన్నా 44 సెంటీమీటర్లు, నిలువుగా. పాత టీవీ యాంటెన్నాలా అడ్డంగా కట్టేవాళ్లకి దండం. ఉప్పుగాలికి కనెక్టరు చిలుము పట్టకుండా రబ్బరు టేపు చుట్టండి.

లంగరేసిన ఓడ 3 నిమిషాలకోసారే పలుకుతుంది. ఈలోపు సెట్టింగులు కెలక్కండి సామీ.